తండ్రికి మిగిలిన నాలుగు పేజీలు

నేను ఒక ప్రశ్నల పుస్తకాన్ని. లేత ఆకుపచ్చ అట్ట, నలభై పేజీలు, రెండు వందల పన్నెండు ప్రశ్నలు. నా నంబరు 417. నాలాంటివాళ్లం ఆరు వందల మందిమి ఒకే రోజు అచ్చయ్యాం. కాన్పుకు ముందూ తర్వాతా తల్లిదండ్రుల ఒంట్లో ఎలా ఉంటుందో, మనసులో ఎలా ఉంటుందో కనిపెట్టడం మా పని. కనిపెట్టడం అంటే అడగడం, అడగడం అంటే గళ్లలో టిక్కులు పెట్టించుకోవడం అని నన్ను తయారు చేసినవాళ్ల నమ్మకం.

ఒక బిడ్డ తయారు కావడానికి తొమ్మిది నెలలు చాలు. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ మూడో అంతస్తులో, శాలువా కప్పుకుంటే తప్ప కూర్చోలేనంత చల్లని గదిలో, ఏడుగురు నిపుణులు నా కోసం కష్టపడ్డారు. వారిలో అయిదుగురు మగవారు. కాన్పు నొప్పి గురించి రెండు పూటలు చర్చించి, దానికి 'స్వల్పం, మధ్యస్థం, తీవ్రం' అనే మూడు గళ్లు సరిపోతాయని తేల్చారు. నాలుగో గడి కావాలని ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె అడిగింది గాని అప్పటికే భోజనాల వేళయింది.

ఆ ఇద్దరిలో చిన్నామె ఇంకో పేచీ కూడా పెట్టింది. అట్ట మీద 'తల్లిదండ్రులు' అని రాసుకున్నాం కదా, లోపల తండ్రి ఎక్కడ అని. ఆ ఏడుగురికీ పెద్దయిన అధ్యక్షులవారు నవ్వి, "తండ్రికేమవుతుందమ్మా, ఆయన కనలేదు కదా" అన్నారు. ఆ మాటతో తండ్రి పని అయిపోయేదే. కాని అచ్చు వేసే ఆయన ఫోన్ చేసి, పుస్తకం ముప్పై ఆరు పేజీలు వస్తోందనీ, తన మిషను ఎనిమిదేసి పేజీల చొప్పున కోస్తుందనీ, నాలుగు పేజీలు ఊరికే తెల్లగా మిగులుతాయనీ చెప్పాడు. తెల్ల కాగితం పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అలా తండ్రికి చోటు దొరికింది. ఆ నాలుగు పేజీల నెత్తిన 'సమయమున్నచో మాత్రమే అడగవలెను' అని అచ్చు వేశారు.

తర్వాత నన్ను తెలుగులోకి మార్చారు. మార్చిన పెద్దమనిషికి మనుషులతో మాట్లాడే అలవాటు తప్పి చాలా కాలమయిందని నా అనుమానం. 'ఇటీవలి దినములలో మీ మనోస్థితి యందు గణనీయమైన విషాదచ్ఛాయలు గోచరించుచున్నవా?' అన్నది నా నూట నలభయ్యో ప్రశ్న. దానికి 'అవును, కాదు, కొంతమేర' అని జవాబులు. ఇంత భాష విన్న తర్వాత విషాదం లేనివాళ్లకు కూడా కొంతమేర వస్తుంది.

నన్ను సిరిసిల్లకు పంపారు. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్న మనిషి నసీమా. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి, ఇద్దరు పిల్లల తల్లి, ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడగడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసం రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ముఖంలో ఏ భావమూ చూపించకూడదు. జవాబు అందించకూడదు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదు. అంచుల్లో ఏమీ రాయకూడదు, అంచులు శుభ్రంగా ఉండాలి. ఇవన్నీ చెప్పినవాడు మధుకర్, ఆమె పై అధికారి. అతని మాటలో 'క్లీన్ డేటా' అన్నది ప్రతి అయిదు నిమిషాలకూ ఒకసారి వచ్చేది. నసీమా అన్నింటికీ తలూపింది. ఆ నియమాల్లో చాలావాటిని ఆమె పాటించలేదని నేను ఇప్పుడు చెబితే ఆమెకు నష్టమేమీ లేదు, ప్రాజెక్టుతో పాటే ఉద్యోగం ఎలాగూ పోయింది.

ఎవరి పేరూ బయటపెట్టనని నా మొదటి పేజీలో రాసి ఉంది. అందుకని పేర్లు మార్చి చెబుతున్నాను. నియమాలు తెలిసిన పుస్తకాన్నే నేను.

నేను వెళ్లిన ఇల్లు అంకారపు శ్రీహరిది. అతను మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. వాటిని ఆ ఊళ్లో సాంచాలంటారు. ఒకేసారి ఎనిమిది సాంచాలు నడిపించే మనిషికి గట్టిగా మాట్లాడటం అలవాటవుతుందట. శ్రీహరి మాత్రం మెల్లగానే మాట్లాడేవాడు. భార్య రజితకు ఎనిమిదో నెల, మొదటి కాన్పు. ఆమె తల్లి చిన్నప్పుడే చనిపోయింది కాబట్టి పుట్టింటికి వెళ్లే మాట లేదు. కాన్పు చేయించే బాధ్యత అత్త కనకవ్వది. జవాబులు చెప్పే బాధ్యత కూడా ఆమే తీసుకుంది.

"నీకు రాత్రి నిద్ర పడుతుందా, చెల్లె?" అని నసీమా రజితను అడిగింది. నాలో అచ్చయిన వాక్యం అది కాదు, కాని నేనేమీ అనుకోలేదు.

"పడుతది, ఎందుకు పడది. బుర్రుమని గురకపెడ్తది" అంది కనకవ్వ.

"ఆకలవుతుందా?"

"రెండు పూటలా తింటది. నేనే వడ్డిస్త."

"మనసుల ఏమన్నా భయముందా?"

"దానికేం భయం, నేనున్న గద."

రజిత నోరు తెరిచింది మూడుసార్లు. ఒకసారి మంచినీళ్లు కావాలా అని అడగడానికి, ఒకసారి ఆవలించడానికి, ఒకసారి సంతకం ఎక్కడ పెట్టాలని అడగడానికి. మొదటి విడత అలా పూర్తయింది. నా పద్దెనిమిది పేజీల్లో ఒక గర్భవతి మనసు గురించి ఆమె అత్త చెప్పిన వివరాలన్నీ ఎంతో శుభ్రంగా నమోదయ్యాయి. ఆ రోజు శ్రీహరి పనిలో ఉన్నాడు. తండ్రి పేజీల మీద నసీమా '99' అని వేసింది. 99 అంటే 'అందుబాటులో లేరు'. నాకంటే ముందున్న నాలుగు వందల పదహారు మందిలో మూడు వందల తొంభై మందికి పైగా తండ్రులు 99 అయిపోయారు. పగటిపూట ఇళ్లకు వెళ్లి, పగలు పని చేసే మగవాళ్లను వెతకడం అన్నది ఆ చల్లని గదిలో ఎంతో ఆలోచించి వేసిన ప్రణాళిక.

రజితకు నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పుట్టాక రక్తం ఆగలేదు. ఊళ్లో డాక్టరమ్మ చేయగలిగింది చేసి కరీంనగర్‌కు పంపింది. అంబులెన్సులో రజిత పక్కన కూర్చున్నది శ్రీహరి. దారి పొడుగునా నర్సు ఏ గుడ్డ ఒత్తి పట్టుకోమంటే ఆ గుడ్డ ఒత్తి పట్టుకున్నాడట. అక్కడ నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. రజిత బతికింది. తొమ్మిదో రోజున ఇంటికొచ్చింది. చుట్టాలొచ్చి తల్లినీ బిడ్డనూ చూసి, గండం గడిచిందని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. శ్రీహరి మర్నాడే పనికి పోయాడు.

ఇదంతా నాకు ఆరు వారాల తర్వాత, రెండో విడతకు వెళ్లినప్పుడు తెలిసింది. బుధవారం, పొద్దున పదకొండు గంటలు. కరెంటు పని ఏదో జరుగుతూ ఆ వాడలో సాంచాలన్నీ ఆగాయి. ఊరు మూగబోయినట్టుంది. అందుకని శ్రీహరి ఇంట్లో ఉన్నాడు. గడప బయట అరుగు మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు.

లోపల కనకవ్వ యథాప్రకారం మొదలుపెట్టింది. తల్లి బాగుంది, బిడ్డ బాగుంది, పాలు బాగున్నాయి. నసీమా నా పంతొమ్మిదో పేజీ తిప్పింది. అక్కడ ప్రశ్న ఇది: 'ప్రసవానంతరము మూత్ర నియంత్రణ యందు అశక్తత గలదా?' నసీమా ఒక్క క్షణం దాని వంక చూసి, రజిత వైపు వంగి, "దగ్గినా తుమ్మినా బట్టలు తడుస్తున్నయా?" అని అడిగింది.

రజిత తల వంచుకుంది. ఆ ఇంట్లో నాకు తెలిసి కనకవ్వ జవాబు చెప్పని మొదటి ప్రశ్న అదే.

"తడుస్తున్నయక్కా. అందుకనే నీళ్లు తాగుతలేను. వాకిట్లకు గూడ పోతలేను" అంది రజిత. "కుట్ల కాడ ఇంకా నొస్తది. కూసుంటే లేవరాదు."

"నాకెందుకు చెప్పలే?" అంది కనకవ్వ.

"సిగ్గయింది అత్తమ్మా."

కనకవ్వ చీర కొంగు సర్దుకుంది. తర్వాత నసీమాతో, "గది అందరికీ ఉంటది అనుకున్న బిడ్డా. నాకు శ్రీహరి పుట్టినసంది ఉన్నది. ఇరవై ఎనిమిదేండ్లు. పెండ్లిండ్లకు పోవుడు బంద్ చేసిన. అది గూడ రాస్తరా?" అని అడిగింది.

రెండు వందల పన్నెండు ప్రశ్నలున్న నాలో అత్తకు ఒక్క గడి కూడా లేదు. నసీమా అంచులో రాసింది. చిన్న అక్షరాలతో, పేజీ పొడుగునా, పైకి ఎక్కి పక్కకు తిరిగి రాసింది. నా శుభ్రమైన అంచు ఆ రోజుతో పోయింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది.

ఆ తర్వాత ఆమె అరుగు మీదికి వచ్చి శ్రీహరి పక్కన కూర్చుంది. తండ్రి పేజీలు తెరిచింది. నాకు ఆ పేజీలున్నాయన్న సంగతి నేనే మరిచిపోయాను.

"నీయి గూడ కొన్ని ప్రశ్నలున్నయి తమ్మీ."

"నాకేమయింది అక్కా, నేను మంచిగున్న. రజితను అడుగుండ్రి."

"ఆమెను అడిగిన. నిద్ర మంచిగ పడుతుందా?"

"పడుతది."

"ఆకలి?"

"అయితది."

"పాపను రోజుకు ఎంతసేపు ఎత్తుకుంటవు?"

దీనికి కూడా నాలో మూడు గళ్లున్నాయి: 'గంటలోపు, గంట నుండి మూడు గంటలు, మూడు గంటలకు పైన'. నసీమా పెన్ను పట్టుకుని ఆగింది.

"ఎత్తుకోలేదు" అన్నాడు చివరికి.

"ఇవ్వాళనా?"

"ఒక్కనాడు గూడ ఎత్తుకోలేదు. అమ్మ అడిగితే పనిలకెల్లి వచ్చిన, చేతులు మురికిగున్నయంట. కడుక్కుంట గని... ఎంత కడిగినా ఆనాటి నెత్తురు వాసన పోతలేదు అక్కా. అండ్లనే పట్టుకోని కూసున్న గద, కరీంనగర్ దాక. పాపను చూస్తె అదే యాదికొస్తది. సాంచ కాడ నిలబడ్డప్పుడు గూడ గదే. మొన్న పోగులు తెగితే చూసుకోలే, సేటు తిట్టిండు."

"ఎవరితోనన్న చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? కన్నది ఆమె. చచ్చి బతికింది ఆమె. నాకేమయిందని చెప్పాలె?"

అధ్యక్షులవారు అన్న మాటే. ఆయన శాలువా కప్పుకుని అన్నాడు, ఇతను బనీను మీద అన్నాడు, తేడా అంతే.

తండ్రి పేజీల్లో పన్నెండో ప్రశ్న ఉంది. 'జీవితము పట్ల విముఖత కలుగుచున్నదా?' నసీమా దాన్ని చదవలేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని, అతని ముఖంలోకి చూసి, "బతుకబుద్ధి అయితలేదా తమ్మీ?" అని అడిగింది.

అతను ఏడవలేదు. సాంచాలు ఆగిన ఆ వీధిలోకి చూస్తూ, చాలా మామూలుగా, "నేను లేకుంటెనే వీళ్లు మంచిగుంటరేమో అనిపిస్తది. పది దినాలసంది గదే ఆలోచన" అన్నాడు.

నసీమా పెన్ను మూసింది. ఇలాంటి సమయంలో ఏం చేయాలో నా వెనక అట్ట లోపలివైపు రాసి ఉంది: 'కరపత్రము అందజేసి, పర్యవేక్షకునకు తెలియజేసి, తదుపరి ప్రశ్నకు వెళ్లవలెను.' నసీమా పర్యవేక్షకుడికి తెలియజేసింది. అరుగు చివరికి వెళ్లి మధుకర్‌కు ఫోన్ చేసింది.

"ఏ సెక్షను మేడమ్? తండ్రి సెక్షనా? అది తప్పనిసరి కాదు గదా. కరపత్రం ఇచ్చి సంతకం తీసుకోండి. ఇయ్యాల ఇంకా నాలుగు ఇండ్లున్నయి మీకు" అన్నాడతను.

"నాలుగు ఇండ్లు రేపు చేస్త సార్."

"రేపటివి?"

"అవి గూడ చేస్త" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు ఆమె అక్కడి నుంచి కదలలేదు. ఊళ్లో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంటే మనసు డాక్టరు మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తాడని చెప్పారు. ఆ రోజు బుధవారం. మనిషికి బతకాలనిపించకపోవడం ఏ రోజు మొదలవ్వాలో ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది. నసీమా శ్రీహరితో, "శుక్రవారం నేను తీస్కపోత. కాని రెండు దినాలు నిన్ను ఒక్కన్ని విడిచిపెట్టను. ఇంట్ల చెప్పాలె. నేను చెప్పనా, నువ్వు చెప్తవా?" అంది. ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పరాదన్న నియమం ఆమెకు గుర్తుంది, అందుకే అడిగింది. నేనే చెప్తనని అతను లేచాడు.

రజిత మంచం మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. పాప పడుకుంది. శ్రీహరి గడపలోనే నిలబడి, అరుగు మీద చెప్పిందే మళ్లీ చెప్పాడు, ఇంకా తక్కువ మాటల్లో. కనకవ్వ చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది.

"నేను చచ్చిపోతననుకున్నవా?" అని రజిత అడిగింది.

"అనుకున్న."

"నేను గూడ అనుకున్న. నీ మొకం చూస్తె ధైర్యముండె. ఇంటికొచ్చినంక నువ్వు నా దిక్కు చూస్తలేవు. ఆడపిల్ల పుట్టిందని కోపమేమో అనుకున్న."

"కోపం గాదు."

"మరి చెప్పవద్దా?"

"నువ్వు చెప్పినవా?"

ఆరు వారాలుగా వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో, ఇద్దరి మధ్యా ఒక ఉయ్యాల దూరంలో, ఒకే భయాన్ని విడివిడిగా దాచుకుంటున్నారు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఏడుగురు నిపుణులూ, పద్నాలుగు నెలలూ, ఆరు వందల పుస్తకాలూ కావలసి వచ్చాయి. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగితే సరిపోయేదని అంటారేమో. అలా అనేవాళ్లు పరిశోధనకు పనికిరారు.

కనకవ్వ చేట కింద పెట్టింది. కొడుకు చేతులు రెండూ పట్టుకుని వాసన చూసింది. "సబ్బు వాసనొస్తుంది బిడ్డా, ఇంకేం లేదు" అంది. తర్వాత రెండు రోజులూ ఆమె అతన్ని పనికి పోనివ్వలేదు. అతనెక్కడ కూర్చుంటే అక్కడే కూర్చుని బియ్యం ఏరింది. అన్ని బియ్యం ఆ ఇంట్లో ఎప్పుడూ ఏరి ఉండరు. రజిత మధ్య మధ్య పాపను తీసుకొచ్చి అతని పక్కన పడుకోబెట్టేది, ఎత్తుకోమని అనేది కాదు.

శుక్రవారం నసీమా ఆటో మాట్లాడుకుని వచ్చింది. శ్రీహరిని మనసు డాక్టరు దగ్గరికి, రజితను ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని అనుకుంది. వాకిట్లో కనకవ్వ కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది.

"మీరిద్దరు పోతున్నరు గద, నేను గూడ వస్త. గా డాక్టరమ్మను నేనొకటి అడగాలె."

ఒక్క ఫారానికి ముగ్గురు రోగులు. నా లెక్కల్లో ఇది ఎక్కడా ఇమడదు. ఆటోలో మాత్రం ఇమిడింది, పాపతో సహా.

పాపకు ఆరో నెలలో మూడో విడతకు వెళ్లాం. అంతా చక్కబడిందని చెబితే నేను కూడా అధ్యక్షులవారిలాంటివాణ్ని అవుతాను. శ్రీహరి మందులు వాడుతున్నాడు. నిద్ర పడుతోంది గాని అంబులెన్సు మోత వింటే ఇంకా పని ఆపేస్తాడట. పాపను ఎత్తుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. మొదట్లో కనకవ్వ చేతుల కింద చేతులు పెట్టి పట్టుకునేవాడు, తర్వాత ఆమె చేతులు తీసేసింది. రజితకు కుట్ల నొప్పి పోయింది. తడవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు, కూర్చుని కింది కండరాలు బిగించి పది లెక్కపెట్టి వదలడం, రోజూ చేస్తోంది. కనకవ్వ ఆ కసరత్తు తనకు అక్కర్లేదంది. ఈ వయసులో అదేం పని అంది. కాని నసీమా ముందు ఆమె పీట మీద కూర్చుని నిశ్శబ్దంగా ఏదో లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

ఈసారి ఎవరి జవాబులు వాళ్లే చెప్పారు. శ్రీహరి నాలుగు పేజీలకు గంట పట్టింది. గళ్లలో పట్టనివన్నీ అంచుల్లోకి వెళ్లాయి.

తర్వాత నన్ను మళ్లీ హైదరాబాదు చేర్చారు. అక్కడ ఒకమ్మాయి నా టిక్కులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. అంచుల దగ్గర ఆగి, వాటినేం చేయాలని అడిగింది. వాటికి కోడు లేదన్నారు. కనకవ్వ ఇరవై ఎనిమిదేళ్లకు కోడు లేదు. సబ్బు వాసనకు కోడు లేదు. నివేదిక ఒక పెద్ద హోటల్లో విడుదలైంది. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. నివేదికలో తండ్రుల గురించి ఒక వాక్యం ఉంది: వారి సమాచారం అసంపూర్ణంగా ఉన్నందున ఏమీ చెప్పలేకపోతున్నాం, మరింత పరిశోధన అవసరం. తండ్రి కోసం పట్టుబట్టిన ఆ చిన్న డాక్టరమ్మ మాత్రం విడుదలకు ముందు ఒక మధ్యాహ్నం మా కట్టలు విప్పి, నేల మీద కూర్చుని, నా అంచులన్నీ చదివింది. వాటిని నివేదికలో ఒక అధ్యాయంగా పెట్టాలని అడిగింది. చర్చించి చర్చించి అధ్యాయాన్ని పేజీ చేశారు, పేజీని పేరా చేశారు. ఆఖరికి అరవై రెండో పేజీ అడుగున, కళ్లద్దాలు లేనిదే కనపడనంత చిన్న అక్షరాల్లో, 'ఒక తండ్రి' అని శ్రీహరి మిగిలాడు.

ఇప్పుడు నేను ఒక అట్టపెట్టెలో ఉన్నాను. మనుషుల రహస్యాలున్న కాగితాలు గనక అయిదేళ్ల తర్వాత మమ్మల్ని మిషనులో వేసి సన్నని పోగులుగా కోసేస్తారు. ఇంకా నాలుగేళ్లుంది. పెట్టె పక్కనే, ఈ హైదరాబాదు ఆఫీసులోనే, మధుకర్ బల్ల.

నిన్న నసీమా వచ్చింది. గుర్తింపు కార్డు తిరిగిచ్చి, అనుభవ పత్రం తీసుకుని వెళ్లడానికి వచ్చింది. పత్రం చేతికందినా వెంటనే కదల్లేదు.

"సార్, ఖాళీ ఫారాలు ఒకటి రెండు ఉంటే ఇస్తరా? శ్రీహరి ఫోన్ చేసిండు. వాళ్ల కార్ఖానాల ఇంకొకాయన, భార్య కాన్పయి నెలయిందట. అన్నం తింటలేడు, ఎవరితోని మాట్లాడ్తలేడట. నన్ను ఒకసారి వచ్చి అడగుమంటున్నడు."

"ప్రాజెక్టు అయిపోయింది గద మేడమ్" అన్నాడు మధుకర్. చెడ్డవాడేమీ కాదు, సొరుగు తెరిచి వెతికాడు కూడా. "ఒక్కటి గూడ మిగలలే. ఫారం లేకుండా పోయి ఏం చేస్తరు?"

నసీమా సంచి భుజానికి తగిలించుకుంది.

"ఫారం లేకుంటె జల్ది అయితది సార్" అని చెప్పి, బస్సు వేళవుతోందని మెట్లు దిగి వెళ్లింది.